నారదుడి మేఘం, శనక్కాయల మూట

నేను కాలేజీలో తెలుగు చెప్పుకుని బ్రతికేవాణ్ణి. ఇంట్లో మిక్సీ ఆగిపోతే శ్రీమతి ముఖం వంక చూడటం తప్ప యంత్రాలతో నాకు వేరే పరిచయం లేదు. అటువంటి నేను, రంగస్థలం మీద తెరలనూ మేఘాలనూ ఎక్కించి దింపే విద్యుత్ యంత్రాన్ని గురించి వ్రాయబూనడం సాహసమే. కాని నిరుడు ఉగాదికి మా కనగానపల్లిలో జరిగిన సంగతి చెబితే, ఎందుకు వ్రాస్తున్నానో పాఠకులే గ్రహిస్తారు.

మా వైపు వారికి నాటకం కొత్త కాదు. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు 1853లో పుట్టింది మాకు దగ్గరి ధర్మవరంలోనే. ఆ పక్కనే నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ ఆడించి మొదలుపెట్టిన సురభి సమాజాల మాట చెప్పనే అక్కర లేదు. వారి ‘మాయాబజారు’లో వింతలు చూసి నోరు తెరవని వారెవరు? ఆ వింతలన్నిటి వెనుకా వున్నవి తాళ్ళు, కప్పీలు, వాటిని పట్టుకున్న చేతులు. పైన వేలాడేది ఒక తల్లి బిడ్డ అయితే, కింద తాడు పట్టుకున్నది ఆ బిడ్డ మేనమామో, పెదనాన్నో. చేతికి బరువు తెలుస్తుంది. బరువులో తేడా వస్తే గుండెకు తెలుస్తుంది.

మా చిన్నాయన ఊరి నాటకాలకు ముప్ఫై ఏళ్ళు తెర లాగినవాడు. ఆయన అరచేతుల్లో తాడు ఒరుసుకున్న కాయలు ఇప్పటికీ వున్నాయి.

నిరుడు ఉగాదికి పిల్లల చేత ఆడించడానికి నేనొక నాటకం వ్రాశాను. మొదటి రంగంలో నారదుడు మేఘం మీద ఆకాశం నుంచి దిగాలి. నారదుడు మా పదేళ్ళ అబ్బాయి. బెంగుళూరులో రంగస్థల యంత్రాల పని చేస్తున్న నా పాత శిష్యుడు ఒకడు నాలుగు గొలుసు మోటార్లూ, వాటిని నడిపే కన్సోలూ అద్దెకు తీసుకుని వ్యానులో వచ్చి దిగాడు.

కన్సోలంటే చూడటానికి ఒక ఇనుప పెట్టె. ఒక పక్క కరెంటు లోపలికి వచ్చే మూడు ఫేజుల లావుపాటి కేబులు. మరో పక్క నుంచి ఒక్కొక్క మోటారుకూ ఒక్కొక్క కేబులు. ముందు భాగాన మోటారుకొక మీట: పైకి, కిందికి, మధ్యలో ‘వద్దు’. ఏవేవి కదలాలో ఏ దిక్కుకు కదలాలో ముందు ఆ మీటలతో ఎంచుకుని, ఆ తరువాత ‘నడువు’ అనే ఒకే బొత్తాం నొక్కాలి. నొక్కి పట్టినంతసేపే కదులుతాయి. వేలు తీస్తే ఆగిపోతాయి. వీటన్నిటికీ వేరుగా పుట్టగొడుగు ఆకారంలో ఒక ఎర్ర బొత్తాం. దాన్ని కొడితే మోటార్లన్నిటికీ కరెంటు తెగిపోతుంది.

శిష్యుడు మొదట చేసిన పని మోటార్లకు అంకెలు వేయడం. ప్రేక్షకులకు ఎడమ నుంచి కుడికి ఒకటి, రెండు, మూడు, నాలుగు. అదే అంకె మోటారు మీద, కేబులు రెండు కొసల మీద, కన్సోలు మీట మీద అంటించాడు. ఒకటీ రెండూ మేఘం కట్టిన గొట్టానికి, మూడు వెనుక తెరకు, నాలుగు ముందు తెరకు. తరువాత ఒక్కొక్కదాన్నే కదిలించి చూశాడు. రెండో మీట నొక్కితే వెనుక తెర కదిలింది! కేబుళ్ళు తారుమారైనాయి. అలాగే వదిలేస్తే మేఘం ఒక కొస లేచి, ఒక కొస కిందనే వుండి నారదుడు జారిపోయేవాడే. తరువాత ప్రతి మోటారుకూ పై హద్దు, కింది హద్దు అమర్చాడు. కొక్కెం హద్దు చేరితే లోపలి స్విచ్చి తెగి మోటారు తనంతట ఆగాలి.

“దీపాల కన్సోలు తీగతోనే వీటినీ నడపకూడదా, అద్దె కలిసి వచ్చును గదా!” అన్నాను, తెలివిగా అనుకుని.

“కూడదు సార్! దీపాలకు వాడే డీఎంఎక్స్ పద్ధతి 1986లో వచ్చింది. ఒక తీగలో 512 దారులు. కాని పంపిన మాట సరిగా చేరిందో లేదో అది సరిచూసుకోదు. దీపం ఒక్క క్షణం తప్పుగా వెలిగితే కన్ను చిట్లిస్తాం. బరువు తప్పుగా దిగితే? మనుషులకు అపాయం వున్నచోట దాన్ని వాడవద్దని ఆ ప్రమాణంలోనే వ్రాసి వుంది.”

అంతటితో ఆగక ఇంకొక మాట కూడా అన్నాడు: “సార్, ఈ మోటార్లు సామాను ఎత్తడానికి. మనుషుల్ని ఎత్తేవి వేరే వుంటాయి. మేఘం దిగనీయండి, అబ్బాయి నడిచి వస్తాడు.”

2010 డిసెంబరులో న్యూయార్కులో ‘స్పైడర్‌మ్యాన్’ నాటకంలో ఒక నటుడు ఇరవై అడుగుల పైనుంచి పడిపోయిన సంగతి కూడా చెప్పాడు. అక్కడ కోట్ల ఖరీదు యంత్రాలున్నాయి. తప్పు వాటిది కాదు. నటుడి వీపుకు కట్టిన తాడు రెండో కొసను ఎవరూ తగిలించలేదు. అతడు బ్రతికి మళ్ళీ రంగమెక్కడం అదృష్టం.

నేను విన్నానా? వినలేదు. నా రచన, నా కొడుకు, నా ఊరు! “ఎనిమిది అడుగులే గదా, ఏమీ కాదులే” అన్నాను. చదువు చెప్పిన గురువు అడిగితే కాదనలేక తల వంచాడు. పొద్దున శనక్కాయల మూట మేఘం మీద కట్టి నాలుగుసార్లు దింపి ఎక్కించాము. అంతా చక్కగా వుంది.

సాయంత్రం జనం నిండారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అద్దెకు తెచ్చిన జనరేటరుకు కేబులు మార్చి దీపాలు వెలిగించాము. మేఘం పైన, మరుగుగుడ్డ వెనుక వుంది. పక్కనున్న ఇనుప మంచె మీది నుంచి అబ్బాయి దాని మీద కూర్చోవాలి. తంబురా పట్టుకుని వాడు నిచ్చెన ఎక్కుతున్నాడు.

“ఆగు నాయనా!” అన్నాడు చిన్నాయన. “కరెంటు మారింది గదా. ముందు మూట పెట్టి సూడండి.”

“జనం కూర్చున్నారు చిన్నాయనా! పొద్దుననే చూశాము గదా.”

“కూసున్నోళ్ళు యాడికీ పోరు. పైనుంచి పడిన బిడ్డ లేస్తాడా? పెట్టు మూట!”

విసుక్కుంటూనే మూట పెట్టించాను. శిష్యుడు ‘కిందికి’ మీట వేసి బొత్తాం నొక్కాడు. మేఘం పైకి లేచింది! హద్దు దగ్గర ఆగాలి గదా, ఆగలేదు. శిష్యుడు వేలు తీసి, ఎర్ర బొత్తాం కొట్టాడు. కొక్కెం మోటారుకు గుద్దుకోవడానికి జానెడు దూరం మిగిలింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే గొలుసు తెగేదేమో!

“ఇంతే గదప్పా,” అన్నాడు చిన్నాయన, “బోరు మోటారు తిరగబడినట్టు. రెండు వైర్లు మార్చండి.”

మూడు ఫేజుల మోటారుకు ఏ రెండు తీగలు తారుమారైనా అది వెనక్కి తిరుగుతుందని మా అనంతపురం సీమలో బోరు వేసిన ప్రతి రైతుకూ తెలుసు. కాని బోరు తిరగబడితే పోయేది నీళ్ళు. ఇక్కడ హద్దు కాచే స్విచ్చి కూడా పనికిరాకుండా పోతుందని శిష్యుడు వివరించాడు. పై హద్దు స్విచ్చి ‘పైకి’ అనే ఆజ్ఞనే తెంచుతుంది. ఆ వేళ మోటారు ‘కిందికి’ అనే ఆజ్ఞతో పైకి పోతున్నది. ఫేజుల వరుసను పసిగట్టి అడ్డుపడే సాధనం వున్న కన్సోళ్ళున్నాయి. మేము తెచ్చినదానిలో అది లేదు.

తీగలు మార్చారు. మేఘం బుద్ధిగా దిగింది. “ఇప్పుడు సరేగదా, ఎక్కించనా?” అన్నాను, సిగ్గు లేకుండా.

“లేదు సార్,” అన్నాడు శిష్యుడు. నా ముందు వాడు కాదనడం అదే మొదటిసారి. ఈసారి తల వంచింది నేను.

మేఘం ఒంటరిగా దిగింది. దాని వెనుక నుంచి నారదుడు నడిచి వచ్చాడు. జనం చప్పట్లకు లోటు లేదు. వాడే బిక్కమొగం పెట్టి, “నాన్నా, నేను ఎగరలేదు గదా” అన్నాడు. చిన్నాయన మూట విప్పి వాడి జోలె నిండా శనక్కాయలు పోశాడు. “నీ బదులు ఎగిరినవి ఇవే, తిను” అన్నాడు.

యంత్రానికి బరువు తెలుసు. ఆ బరువు ఎవరిదో తెలియదు. అది తెలిసినవాడి వేలు బొత్తాం మీద వుండాలి. అతడు వద్దంటే గురువైనా రచయితైనా నోరు మూసుకోవాలి. ఇప్పుడు మా కాలేజీ వార్షికోత్సవానికి ఏ నాటకం వేసినా, తెర లేవక ముందు నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే: “మూట పెట్టి చూశారా?”