ట్రాక్టరు ఇంజను నంబరును చూచుకొనుట

పాత ట్రాక్టరును కొనబోవు రైతు ముందుగా టైర్లను చూచును, ఇంజను చప్పుడు వినును, లిఫ్టుతో నాగలిని ఎత్తించి చూచును. ఇవన్నియు చూడవలసినవే. గాని ఇంజనుపై కొట్టిన నంబరును వెదకి, ఆర్.సి. పుస్తకములోని నంబరుతో సరిచూచుకొను రైతులు అరుదు.

నేను పనిచేయు డివిజనులో ఒక రైతు తొలకరికి ముందు పాత ట్రాక్టరు కొనెను. బ్యాంకు అప్పు వచ్చులోగా తీర్చవచ్చునని రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చెను. పేరు మార్పునకు పోగా, ఇంజను నంబరు పుస్తకములోని నంబరుతో కలియలేదు. విచారింపగా తేలినదేమన, రేడియేటరులో నీరు లేకుండ నడుపుటచే బ్లాకు పగిలి, అమ్మినవాడు వేరొక ట్రాక్టరు ఇంజనును బిగించుకొనెను. అతడు దొంగ కాడు. రవాణా కార్యాలయమునకు తెలుపకపోవుటయే అతని తప్పు. అయినను ఆ ఇంజను ఎక్కడిదో రుజువగు వరకు పేరు మారలేదు, పేరు మారనిదే బ్యాంకు అప్పు రాలేదు. రెండు పంటల కాలము ఆ రైతు ప్రైవేటు వడ్డీ కట్టవలసి వచ్చినది. బయానా ఇచ్చుటకు ముందు పది నిమిషములు వెచ్చించి చూచినచో ఈ సంగతి అప్పుడే తెలిసెడిది.

నంబరు ఎక్కడ ఉండును? లారీకి అడుగున ఇనుప చట్రము ఉండును. ట్రాక్టర్లలో చాలవాటికి అట్టి చట్రము లేదు. ఇంజను బ్లాకు, క్లచ్చి పెట్టె, గేరు పెట్టె, వెనుక ఇరుసు పెట్టె ఒకదానికొకటి బోల్టులతో బిగించగా అదియే ట్రాక్టరు వెన్నెముక అగుచున్నది. 1917లో అమెరికాలో తయారైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుతో ఈ పద్ధతి బాగుగా వ్యాపించినది. కావున ఛాసిస్ నంబరు ముందు ఇరుసును మోయు దిమ్మపైననో, క్లచ్చి పెట్టె లేక గేరు పెట్టె పక్కననో కొట్టబడియుండును. ఇంజను నంబరు మాత్రము సాధారణముగా బ్లాకుపైననే యుండును. బ్లాకు పక్కన, పెక్కింట డీజిలు పంపు ఉన్న వైపున, రెండు మూడు వ్రేళ్ల వెడల్పున నున్నగా చదును చేసిన చోటును వెదకవలెను. స్థలము కంపెనీని బట్టి, మోడలును బట్టి మారును. ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో బొమ్మతో చూపియుందురు.

ఇచ్చట పలువురు పొరపడుచుందురు. బ్లాకుపై ఉబ్బెత్తుగా కనబడు పెద్ద అంకెలు ఇంజను నంబరు కావు. ఇసుక అచ్చులో ఇనుమును పోత పోయునప్పుడు ఆ అంకెలు అచ్చు నుండియే వచ్చును. ఆ అచ్చులో పోసిన బ్లాకులన్నిటికిని అవే అంకెలుండును. ఇంజను నంబరు చదును చేసిన పిదప ఉక్కు ముద్రలతో లోపలికి కొట్టబడినది. వ్రేలితో తడిమినచో గుంటగా తగులును. డీజిలు పంపు, స్టార్టరు, డైనమోలకు అంటించిన రేకులపై నంబర్లు ఆ భాగములవే గాని ఇంజనువి కావు. ఒక దరఖాస్తులో పంపు రేకు నంబరును ఎంతో శ్రద్ధతో ఎత్తి వ్రాసిన సంగతి నేనెరుగుదును.

ఇంజను ఆపి చల్లారిన పిదపనే చేయి పెట్టవలెను. మడ్డిని కిరసనాయిలు తడిపిన గుడ్డతో నాననిచ్చి తుడువవలెను. ఆకురాయి, ఉలి, గరుకు కాగితము ఎంతమాత్రము వాడరాదు. గీతలు పడినచో నంబరు దిద్దినారన్న అనుమానమునకు మీరే తావిచ్చినవారగుదురు. ఆరిన తరువాత సుద్దముక్క రుద్ది పైపైన తుడిచినచో అంకెల గుంటలలో తెలుపు నిలిచి స్పష్టపడును. టార్చిలైటును ఎదురుగా గాక పక్కవాటముగా పట్టవలెను. పలుచని కాగితము పరచి మెత్తని పెన్సిలును ఏటవాలుగా రుద్దినచో అచ్చు దిగును. రిజిస్ట్రేషను దరఖాస్తులపై ఛాసిస్ నంబరునకు ఇట్టి అచ్చునే అతికింతురు. సున్నకును ‘ఓ’ అక్షరమునకును, 8కిని ‘బి’ అక్షరమునకును తేడాను రెండుసార్లు చూడవలెను.

అంకెల వరుస వంకరగా నున్నను, ఒక అంకె లోతుగా మరియొకటి తేలికగా నున్నను, ఆ చోటు మాత్రమే కొత్త రంగుతో మెరయుచున్నను, వెల్డింగు జాడ కనబడినను బేరము ఆపి విచారించుట మేలు. ముద్ర కొట్టినప్పుడు అంకె అడుగున లోహము కూడ నలిగియుండును. పైన అరగదీసినను, నేర పరిశోధన ప్రయోగశాలలలో ఆమ్లపు మందులు పూసి చెరిపిన అంకెలను పెక్కుసార్లు తిరిగి పైకి తేగలరు.

నంబర్లు కలిసిన పిదప కాగితముల సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒకే రాష్ట్రములో అమ్మకము జరిగినచో అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. ఇందుకు 29, 30 నంబరు ఫారములు కలవు. పాత అప్పు తీరియున్నచో 35 నంబరు ఫారముతో తాకట్టు నమోదును కొట్టివేయించుకొనవలెను. 2014లో తెలంగాణ ఏర్పడిన నాటి నుండి ఖమ్మము ట్రాక్టరును కృష్ణా జిల్లా రైతు కొన్నను అది వేరు రాష్ట్రపు వాహనమే. 28 నంబరు ఫారముపై నిరభ్యంతర పత్రము అడిగి తీసికొనవలెను.

బ్లాకు మార్చక తప్పనిచో, బిగించుటకు ముందే రవాణా కార్యాలయములో అడిగి, ఇంజను కొన్న రసీదును దాచి, కొత్త నంబరును ఆర్.సి.లో ఎక్కించుకొనవలెను. ట్రాలీకి ఇంజను లేదు గాని దాని రిజిస్ట్రేషను, ఛాసిస్ నంబరు వేరు. ట్రాక్టరుతోపాటు ట్రాలీని కొనువారు ఆ నంబరునకు కూడ పెన్సిలు అచ్చు తీసికొనవలెను. ఈ అచ్చుల ప్రతి నొకదానిని ఇంటిలో భద్రపరచినచో, ట్రాక్టరు దొంగిలింపబడిన నాడు గ్రామాధికారికిని పోలీసులకును వెంటనే చూపవచ్చును.