మన తోటల పూవులు – మేని సంరక్షణము

తిరుమల కొండకు పుష్పమండపమని పూర్వమునుండియు పేరు కలదు. రామానుజాచార్యుల యాజ్ఞను శిరసావహించి, ఆయన శిష్యుడగు అనంతాళ్వారు కొండమీద పూదోటను పెంచి స్వామికి మాలలు సమర్పించెనని సంప్రదాయము చెప్పుచున్నది. అచ్చట పూచిన పూవంతయు స్వామిదే యను భావముచే నేటికిని కొండమీద భక్తులు తలలో పూలు ముడువరాదను నియమము కలదు. స్వామికి అలంకరించి తీసిన మాలలను పూర్వము ఆలయములోని పూలబావిలో విడుచుచుండిరి. 2021 సెప్టెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానమువారు తమ ఆలయములలో వాడిన పూలతో అగరువత్తులు చేయించి, ఏడు కొండలకు గుర్తుగా ఏడు రకముల పరిమళములతో విక్రయింప నారంభించిరి. వాడిన పూవునకే యింత ప్రయోజనము కలిగినపుడు, వాడకముందే మన చేలగట్లపై పారవేయబడుచున్న పూవులను గూర్చి మన మేమి యోచించితిమి? ఈ ప్రశ్ననే మేము ఈ నెల సభ్యుల యెదుట నుంచుచున్నాము.

ధర పడిన దినమున

కుప్పము, పలమనేరు, మదనపల్లె ప్రాంతములలో చామంతి, బంతి, గులాబి, మల్లె, కనకాంబరము పెంచు రైతులు పెక్కుమంది కలరు. మన పూవు ఇచ్చటి యంగళ్లకే గాక బెంగుళూరు, చెన్నై నగరములకును పోవుచున్నది. శ్రావణమాసమునందును, దసరాకును, పెండ్లి ముహూర్తములయందును ధర యెక్కును. ఆషాఢమునను మూఢములలోను కోతకూలియు బండిబాడుగయు గూడ రాని దినములు గలవు. ధాన్యమైన గాదెలో నిలుచును. పూవు రెండవనాటికే వాడిపోవును. 2020 మార్చిలో అంటువ్యాధి కారణమున తిరుమలలో భక్తుల దర్శనము నిలిచి, జూన్ వఱకును తెఱవబడలేదు. పెండ్లిండ్లును ఆగినవి. ఆ దినములలో పూచిన పూవును కోయువారు లేక తోటలలోనే వదలినవా రెందఱో మన సభ్యులకు తెలియనిది కాదు.

ఇట్టి దినములకు పూవునుండి తైలము తీయుటయే మార్గమని కొందఱు చెప్పుదురు. ఆ మాట లెక్కకు నిలుచునో లేదో చూతము. ఒక కిలో గులాబి తైలమునకు సుమారు మూడునుండి అయిదు వేల కిలోల పూలు వలయును. మల్లెపూవు ఆవిరి వేడిమికి తాళదు. హెక్సేను అను ద్రావకముతో దాని సారము తీయుదురు. వేయి కిలోల మల్లెలకు వచ్చు ముద్ద రెండున్నర మూడు కిలోలు మాత్రమే. కోయంబత్తూరు ప్రాంతమున అట్టి కర్మాగారములు కలవు. అది పెద్ద పెట్టుబడియు, ఏడాది పొడుగునను తఱుగని పూవును గలవారి పని. చిన్నరైతు అప్పుచేసి అట్టి యంత్రములను దెచ్చుకొనుట మేము కోరము. ఇంటి పాత్రలతోను, ఊరి గానుగతోను అగు పనులు మూడు గలవు. వాని నిచ్చట వివరించుచున్నాము.

పన్నీరు

ఉత్తరదేశమున కనౌజు పట్టణమునందు రాగికాగులలో పూవులను నీటితో కాచి, ఆవిరిని వెదురుగొట్టముద్వారా చల్లని పాత్రలోనికి దింపి అత్తరులు చేయుట తరతరములుగా వచ్చుచున్న వృత్తి. ఆ సూత్రమునే మన వంటయింటిలో నుపయోగింపవచ్చును.

పన్నీరు గులాబి యనబడు వాసనగల రకమునే తీసికొనవలయును. బెంగుళూరు సంతకై పెంచు పొడుగుకాడల గులాబికి అందమే గాని పరిమళము స్వల్పము. తెల్లవారుజామున కోసినపుడే గులాబి వాసన నిండుగా నుండును. ఎండ యెక్కినకొలది తగ్గును. అర కిలో రేకులను కడిగి, వెడల్పగు స్టీలు పాత్రలో రెండు లీటర్ల నీటితో నుంచవలెను. పాత్ర నడుమ నొక చిన్న పీట వంటి దానిపై ఖాళీగిన్నెను, నీరు దానిలోనికి పొర్లకుండునట్లు నిలుపవలెను. మూతను బోర్లించి, దాని గుంటలో చల్లని నీరు పోసి, సన్నసెగపై కాచవలయును. ఆవిరి మూతకు తగిలి చల్లబడి చుక్కలుగా గిన్నెలో పడును. మూతపైనీరు వెచ్చనైనపుడెల్ల మార్చుచుండవలెను. అర లీటరు దిగినంతనే దించవలెను. అడుగంటువఱకు కాచినచో మాడువాసన పట్టును. మరిగించి ఆరబెట్టిన గాజుసీసాలో నుంచి, ఫ్రిజ్జులో పెట్టి, కొలది వారములలో వాడుకొనవలయును. మబ్బుగా మారిన పన్నీటిని పారబోయుడు.

సున్నిపిండి

భోగినాడును దీపావళినాడును నూనె యంటుకొని నలుగు పెట్టుకొనుట మన యిండ్లలో క్రొత్త కాదు. పప్పుల పిండి నూనెను పీల్చుకొని మురికిని ఊడదీయును. కారపు సబ్బువలె మేని సహజమైన జిడ్డు నంతయు తీసివేసి చర్మమును బీటలు వాఱనీయదు.

పెసలు ఒక కిలో, సెనగపప్పు పావుకిలో, నీడన ఎండబెట్టిన గులాబిరేకులు నూఱు గ్రాములు, వట్టివేళ్లు ఏబది గ్రాములు, కచ్చూరములు ఏబది గ్రాములు, కస్తూరిపసుపు ఇరువదియైదు గ్రాములు కలిపి విసరించి, సన్నని గుడ్డతో జల్లించుకొనవలెను. పసుపును పొడిగా కొనక కొమ్ములనే కొనుడు. రంగుకొఱకు సీసపు విషముగల రంగులను పసుపుపొడిలో కలుపుట పలుచోట్ల బయటపడినది. గులాబిరేకులు ఎండినపుడు ఇంచుమించు ఆఱవవంతు తూగును. కావున ధర పడిన దినమున ఆఱు కిలోల రేకులను నీడన ఆరవేసినచో, సుమారొక కిలో నిలువసరుకుగా మారును. ఎండలో వేసినచో రంగును వాసనయు రెండును పోవును.

మల్లెనూనె

గుండుమల్లె మొగ్గను తెల్లవారుజామున కోసినను, అది సాయంకాలమున విచ్చి రాత్రియంతయు పరిమళము నీనుచుండును. ఈ గుణమువలన దానికి నిప్పుతో పని లేదు. పొట్టుతీసి బాగుగ ఆరబెట్టిన నువ్వులను ఒక పొర, విచ్చనున్న మొగ్గలను ఒక పొరగా సాయంకాలమున పేర్చి, గుడ్డ కప్పి యుంచవలెను. నువ్వులలోని నూనె వాసనను పట్టుకొనును. ఉదయమున వాడిన పూలను ఏఱివేసి, సాయంకాలమున క్రొత్తవానిని వేయవలెను. ఇట్లు అయిదాఱు రాత్రులు చేసి, తేమ లేకుండ ఆరనిచ్చి, గానుగ ఆడించవలెను. తలకును, ఎండకు బీటలువాఱిన మడమలకును, చేతులకును ఈ నూనె మేలైనది.

చెప్పవలసిన హెచ్చరికలు

పూవు మేలైనదని దాని కంతయు మేలే యను కొనరాదు. కొన్ని యిండ్లలో సున్నిపిండికి బావంచాలు కలుపుదురు. అందలి యొక పదార్థము చర్మమునకు పట్టినపిదప ఎండ తగిలినచో మేను కమిలి బొబ్బలెక్కును. నిమ్మరసము పూసికొని పొలమునకు పోయినను అంతియే. చేలలో పనిచేయువారికి ఇవి రెండును తగవు. చామంతి, బంతి కోయువారిలో కొందఱికి చేతులు దురదపెట్టి దద్దురులెక్కును. వయ్యారిభామ కలుపు పడనివారికి చామంతియు పడకుండుట కలదు. రెండును ఒకే కుటుంబపు మొక్కలు. పసిపిల్లలకు కర్పూరము పూయుట అపాయకరము. క్రొత్తగా చేసిన దేనినైనను ముంజేతి లోపలివైపున కొంచెము పూసి, రెండు దినములు చూచి, మంట గాని ఎఱ్ఱదనము గాని లేనిచో వాడవలయును. పురుగుమందు చల్లి వచ్చిననాడు సున్నిపిండి చాలదు. సబ్బుతోను పుష్కలమగు నీటితోను వెంటనే స్నానము చేయవలెను.

మంచిగంధమును, ఎర్రచందనమును ఒక్కటిగా తలచువారు కలరు. మంచిగంధమునకు సువాసన కలదు. మన శేషాచలపు ఎర్రచందనమునకు రంగే గాని చెప్పదగిన వాసన లేదు. దానిని అరగదీసి చల్లదనమునకై పూయుట మనవారి ఆచారము. ఆ చెట్టు ప్రపంచమున ఈ తూర్పుకనుమల ప్రాంతమునందే సహజముగ పెరుగును. 1995 నుండి దాని వర్తకము అంతర్జాతీయ ఒడంబడికచే నియమింపబడినది. అడవినుండి దొంగచాటున వచ్చిన ముక్క నొక్కటియు మన యిండ్లకు రానీయరాదు.

పన్నీరును మల్లెనూనెయు మేనికి హాయిని, మనస్సునకు తేలికను ఇచ్చును; పగలంతయు శ్రమపడినవానికి అది చిన్న లాభము కాదు. చర్మపు రంగును మార్చుననియు, పొడలను తామరను మాన్పుననియు చెప్పుట మాత్రము తగదు. అట్టి వ్యాధులకు వైద్యునొద్దకే పోవలెను.

ఒక చాలు విడుచుడు

అన్నిటికంటె ముఖ్యమగు మాట ఇది. మల్లెలో మొగ్గతొలుచు పురుగునకు, గులాబికి చామంతికి తామరపురుగునకు మనము మందులు చల్లుచున్నాము. ఆ మందులలో కొన్ని మొక్కలోనికి ఇంకి రేకులలోనికిని వ్యాపించును. కడిగినంతమాత్రమున అవి పోవు. అట్టి రేకులతో చేసిన సున్నిపిండిని మన బిడ్డల మేనికే రుద్దుచున్నామని యెఱుగవలెను. కావున పూలరైతు తన తోటలో కనీస మొక చాలునైనను మందు చల్లక, ప్రక్కచాలులనుండి మందు పడనంత దూరమున విడువవలయును. అందు పూవు చిన్నదైనను, కొంత పురుగు తినినను చింతలేదు. దండకు పనికిరాని పూవు పన్నీటికి పనికివచ్చును.

ఇంటివాడుకకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. విక్రయించుటకు మాత్రము 1940 నాటి మందులు, సౌందర్యసాధనముల చట్టమును, 2020 నాటి సౌందర్యసాధనముల నిబంధనలును వర్తించును. తయారుచేయువారు రాష్ట్ర అధికారులవలన లైసెన్సు పొందవలెను. సీసాపై తయారుచేసినవారి పేరు, అందలి పదార్థములు, చేసిన దినము, గడువు వ్రాయవలెను. ఒంటరిరైతునకు ఇది భారము. సంఘమునకు ఒక్క లైసెన్సు, ఒక్క శుభ్రమైన గది, ఒక్క గానుగ చాలును. 1904 లో తొలి సహకారచట్టము వచ్చినది అప్పుకొఱకే యైనను, ఒంటరిగా చేయలేని దానిని కూడి చేయుటయే సహకారమునకు మూలసూత్రము గదా.

కావున మా సూచన యిది. పూలతోటలు గల ప్రతి గ్రామమునను అయిదుగురు సభ్యులు ఒక్కొక్క చాలు విడువవలయును. ఏ చాలున ఎప్పుడు ఏమి చల్లిరో, లేదో, సంఘపు పుస్తకమున వ్రాయింపవలయును. మొదటి సంవత్సరము తమ యిండ్లకు మాత్రమే చేసికొని, ఖర్చును ఫలమును లెక్కవేసి, సర్వసభ్య సమావేశమున చదువవలయును. లెక్క నిలిచినపుడే లైసెన్సు మాట తలపెట్టుదము. ఇందు పాలుపంచుకొన దలచిన సభ్యులు రాబోవు ఆషాఢమునకు ముందే తమ పేళ్లను కార్యదర్శికి తెలుపుదురుగాక.