సెల్‌ఫోను బ్యాటరీ మార్పిడి

సెల్‌ఫోనులో శక్తి సన్నగిల్లిన బ్యాటరీని తొలగించి కొత్తదానిని అమర్చడాన్ని సెల్‌ఫోను బ్యాటరీ మార్పిడి అంటారు. ఫోనులో సాధారణంగా ముందుగా క్షీణించేది బ్యాటరీయే. దానిని మార్చే వీలుంటే ఫోను మరికొన్ని సంవత్సరాలు పనిచేస్తుంది. వీలు లేకపోతే తక్కిన భాగాలు బాగున్నప్పటికీ ఎలక్ట్రానిక్ వ్యర్థంగా మారుతుంది.

క్షీణతకు కారణాలు

లిథియం అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ 1991లో తొలిసారిగా విపణిలోకి తెచ్చింది. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయానులు ధన ధ్రువం నుండి ఋణ ధ్రువానికి, వాడేటప్పుడు తిరిగి ధన ధ్రువానికి చేరుతాయి. ప్రతిసారీ కొంత లిథియం ఇతర రసాయన చర్యలలో చిక్కుకొని నిరుపయోగమవుతుంది. చాలా బ్యాటరీలలో 500 నుండి 1000 పూర్తి ఛార్జీల తరువాత తొలి సామర్థ్యంలో 80 శాతం మాత్రమే మిగులుతుంది. వేడి ఈ క్షీణతను త్వరితం చేస్తుంది.

రెండు ఉదాహరణలు

2007 ఆగస్టులో నోకియా సంస్థ, మత్సుషితా తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జి చేసేటప్పుడు అధికంగా వేడెక్కవచ్చునని ప్రకటించి, వాటిని ఉచితంగా మార్చి ఇస్తామన్నది. ఫోను వెనుక మూత తీసి వినియోగదారులే బ్యాటరీని మార్చుకోగలిగారు. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోనుల బ్యాటరీలు నిప్పంటుకున్నప్పుడు పరిస్థితి వేరు. బ్యాటరీ లోపల బిగించి ఉన్నందున ఫోనులనే వెనక్కి తీసుకోవలసివచ్చింది. అదే ఏడాది అక్టోబరులో వాటి తయారీ నిలిచిపోయింది.

నియమాలు

భారతదేశంలో 2001 నాటి బ్యాటరీ నియమాలు సీసపు బ్యాటరీలకే వర్తించేవి. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు లిథియం బ్యాటరీలను కూడా చేర్చి, పాతవాటి సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. కొత్త ఇ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. ఐరోపా సమాఖ్యలో, కొన్ని మినహాయింపులతో, వినియోగదారులే మార్చుకోగల బ్యాటరీలు ఉండాలన్న నిబంధనకు 2027 ఫిబ్రవరి 18ని గడువుగా నిర్ణయించారు.

యానాంలో

యానాం చుట్టూ ఉన్నది ఆంధ్ర ప్రదేశ్ అయినా, పరిపాలన 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరిది. అందువలన ఇక్కడి ఇ-వ్యర్థాలపై పర్యవేక్షణ పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీకి చెందుతుంది. యానాం వాసి కాకినాడలో బ్యాటరీ మార్పించుకొని పాతదానిని అక్కడే వదిలితే, అది ఆంధ్ర ప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి పరిధిలోనికి వస్తుంది. దేశవ్యాప్త నియమాలు మాత్రం రెండు చోట్లా ఒక్కటే. గౌతమీ గోదావరి తీరాన, కోరింగ మడ అడవులకు చేరువలో ఉన్న ఈ ఊరిలో చెత్తను నీటి పాలు కాకుండా చూడడం ముఖ్యం.

జాగ్రత్తలు

ఉబ్బిన బ్యాటరీని ఛార్జి చేయరాదు, గుచ్చరాదు, వంచరాదు. పాత బ్యాటరీ ధ్రువాలపై టేపు అంటించి, ఇంటి చెత్తలో కలపకుండా, అనుమతి పొందిన సేకరణ కేంద్రానికి అప్పగించవలెను.