వేదాంత కళాశాలకు పంపే ముందు

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మావాడికి ప్రభువు పిలుపు వచ్చిందండి. బైబిలు కాలేజీలో సీటు ఇస్తామన్నారు. 20 సెంట్లు అమ్మి డబ్బు కడదామనుకుంటున్నాం. ప్రార్థన చేయండి" అంది.

కుర్రవాడు ఇంటర్ ప్యాసయ్యాడు, సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతాడు. సంతోషించాను. "ఆ కాలేజీ చూశారా?" అని అడిగితే మాత్రం ఇద్దరూ తలవంచుకున్నారు. వారి చేతిలో ఉన్నది ఒక కరపత్రమే. ఆరోజు వారితో చెప్పిన మాటలు మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడతాయని ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట, పిలుపును సంఘం గుర్తించిందా? తిమోతిని గూర్చి లుస్త్ర, ఈకొనియ సహోదరులు మంచి సాక్ష్యమిచ్చారు. పౌలు అతనిని వెంట తీసుకొనిపోయింది ఆ తరువాతనే (అపొ. కార్య. 16). కళాశాల చదువు చెబుతుంది, పట్టా ఇస్తుంది. గురువుగా అభిషేకించేది సంఘమే. మన డయాసిస్ ఎంపిక చేయకుండా సొంతగా చదివి వచ్చినవానికి పాస్టరేటు దొరుకుతుందన్న హామీ లేదు. కాబట్టి డబ్బు కట్టక ముందే పాస్టరుగారిని, డయాసిస్ కార్యాలయాన్ని అడగండి.

రెండవది, ఆ పట్టాను ఎవరు ఇస్తారు? 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ స్థాపించిన శ్రీరాంపూర్ కళాశాలకు 1827లో డెన్మార్క్ రాజు పట్టాలిచ్చే అధికారమిచ్చాడు. దేశంలో అనేక వేదాంత కళాశాలలు నేటికీ ఆ శ్రీరాంపూర్ సెనేట్‌కు అనుబంధంగా ఉన్నాయి. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కళాశాల వాటిలో ఒకటి. 1970లో ఏర్పడిన ఏషియా థియోలాజికల్ అసోసియేషన్ గుర్తింపుతో నడిచేవి మరికొన్ని. ఏ గుర్తింపూ లేని చోట కూడా మంచి బోధకులు ఉండవచ్చు. అయితే ఆ పట్టాను మన సంఘం ఒప్పుకుంటుందో లేదో ముందే తెలుసుకోవాలి.

మూడవది, పాఠాలు ఏ భాషలో? బి.డి. చదువు చాలాచోట్ల ఇంగ్లీషులో సాగుతుంది. గ్రీకు, హెబ్రీ కూడా నేర్చుకోవాలి. తెలుగు మీడియం పిల్లవాడు భయపడనక్కరలేదు గాని, సిద్ధపడి వెళ్లాలి.

నాలుగవది, ఖర్చు. గోపురం కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు (లూకా 14). మొదటి ఏడాది ఫీజు ఒక్కటే చూడకండి. చివరి ఏడాది వరకు ఫీజు, హాస్టలు, పుస్తకాలు లెక్క కట్టండి. విద్యార్థి సహాయం ఉందేమో అడగండి.

చివరగా, స్వయంగా వెళ్లి చూడండి. అక్కడ చదివే పిల్లలతో విడిగా మాట్లాడండి. తిండి ఎలా ఉంది? ప్రశ్న అడిగితే అధ్యాపకులు విసుక్కుంటారా? ఆదివారాలు సేవకు ఎక్కడికి పంపుతారు? చదువు ముగించినవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?

అంతా విని ఆ తల్లి, "ఇవన్నీ చూసేసరికి ఏడాది పోతుంది కదండీ. పిలుపు చల్లారిపోదా?" అంది. మోషే మిద్యానులో 40 ఏండ్లు గొర్రెలు మేపాడమ్మా, దేవుడు అతణ్ణి మరచిపోలేదు అన్నాను.

ఆ 20 సెంట్లు ఇంకా అమ్మలేదు. కుర్రవాడు ఈ ఏడాది మా పాస్టరేటు గ్రామాలకు నాతో సైకిలు మీద వస్తున్నాడు, రాత్రులు ఇంగ్లీషు చదువుకుంటున్నాడు. డయాసిస్‌కు దరఖాస్తు పెట్టాడు. వారు ఎంపిక చేస్తే వెళతాడు, లేకపోతే డిగ్రీ చదువుతూ సండే స్కూలు నడుపుతానన్నాడు. అదీ సేవే. అతని కోసం, అతనివంటి మన పిల్లల కోసం ప్రార్థించండి.