తంగేడుకూ విత్తనం దాచాల్సిన రోజులు

ఒకప్పుడు ఊరు దాటితే చాలు, గుట్ట వాలునా చెలక గట్టునా తంగేడు పచ్చగా విరగబూసి కనిపించేది. ఎవరూ విత్తింది లేదు, నీరు పోసింది లేదు. బతుకమ్మ పండగ నాడు పిల్లలు పొద్దున్నే సంచులు పట్టుకుని పోయి గంటలో నింపుకొచ్చేవారు. ఇప్పుడు గట్లు సన్నబడ్డాయి. బీళ్లు చదునై ప్లాట్లయ్యాయి. ఆ పువ్వునే బజారులో కట్ట లెక్కన కొంటున్నారు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైనా, గట్టు చదును చేసే డోజరుకు తంగేడు ఒట్టి పొదే.

మిగిలిన పొదలకు మరో ముప్పు ఉంది. పండగ తొమ్మిది రోజులూ పువ్వంతా కోసేస్తే కాయ నిలవదు. కాయ లేనిదే విత్తనం లేదు. అందుకే ప్రతి గట్టునా రెండు మూడు పొదలనైనా ముట్టకుండా వదిలేయాలి. బల్లపరుపుగా ఉండే కాయలు గోధుమ రంగుకు తిరిగి, ఊపితే గలగలలాడినప్పుడు కోసి ఎండబెట్టి గింజ తీసుకోవాలి.

ఆ గింజను అలాగే చల్లితే చాలావరకు మొలవదు. పైపొర గట్టిది, నీటిని లోనికి పోనివ్వదు. నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించాక గింజలు వేసి తెల్లవారేదాకా ఉంచాలి. పొయ్యి మీద ఉండగానే వేస్తే ఉడికిపోతాయి! పొద్దున చూస్తే కొన్ని ఉబ్బి ఉంటాయి, కొన్ని రాయిలాగే ఉంటాయి. ఉబ్బినవాటిని వెంటనే విత్తుకోవాలి. మిగతావాటిని గరుకు బండ మీద ఇసుకతో రుద్ది మళ్లీ నానబెడితే సరి.

మృగశిర కార్తె వానలకు నేల తడిశాక, పెరగాల్సిన చోటనే అంగుళం లోతు మించకుండా రెండు మూడేసి గింజలు పెట్టడం మేలు. తంగేడు తల్లివేరు తిన్నగా లోతుకు పోతుంది. ఎదిగిన మొక్కను పీకి వేరేచోట నాటితే ఆ వేరు తెగి మొక్క వాడిపోతుంది. పాలిథిన్ సంచుల్లో పెంచేవారు వేరు సంచి అడుగు దాటకముందే నాటుకోవాలి. రాళ్ల నేలైనా ఎర్ర చెలకైనా ఫరవాలేదు, నీరు నిలిచే చోటు మాత్రం పనికిరాదు. పశువులు ఈ ఆకును పెద్దగా ముట్టవు గనుక కంచె ఖర్చు లేదు. మొదటి వేసవి గట్టెక్కితే ఆపై నీరు అడగదు.

నరికినా మళ్లీ చిగురిస్తుంది, వేరుతో పెకలిస్తేనే పోతుంది. ఆ రొట్టను వరి మడిలో తొక్కించడం పాత రైతులకు అలవాటు. తోళ్లు పదును చేసే లందలో తంగేడు చెక్క వేసేవారు. ఆ రెండింటికీ ఇప్పుడు అడిగేవారు తక్కువే. పువ్వుకు మాత్రం ఏటా ఆ తొమ్మిది రోజులూ గిరాకీ తప్పదు.