కాలువ యొడ్డు సత్రము

సత్రమనగా అద్దె పుచ్చుకొని గది యిచ్చు చోటు కాదు. ముక్కు మొగము నెరుగని బాటసారికి నీడయు, నీరును, ఒక పూట అన్నమును దొరకవలెనని ఒక దాత తన భూమిలో కొంత విడదీసి, అది తిరిగి తన వంశమునకు రాకుండునట్లు వ్రాసియిచ్చిన ధర్మము. మన దేశమున సత్రము లేని పుణ్యక్షేత్రము అరుదు. అయితే గోదావరి డెల్టాలోని సత్రములకు ఒక విశేషమున్నది. అవి దేవాలయములను మాత్రమే గాక, కాలువలను కూడ నమ్ముకొని పెరిగినవి. కాకినాడ నగరమును ఉదాహరణముగా దీసికొని ఆ సంగతిని శ్రోతలకు మనవి చేయుదుము.

నేడు అనకాపల్లి జిల్లాలోని మాకవరపాలెమునుండి కాకినాడకు పోవలెనన్న వారు నర్సీపట్నం రోడ్డు స్టేషనులో రైలెక్కి, సామర్లకోటలో దిగి, పూట తిరుగకుండ నగరము చేరగలరు. రైలు రాక పూర్వము మెట్టసీమవారికి ఎడ్లబండి దిక్కు. డెల్టావారికి పడవ దిక్కు. ఆ పడవ నడచిన కాలువయే మన కథకు మూలము.

సర్ ఆర్థరు కాటను పర్యవేక్షణమున ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసెను. ఆనకట్టనుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరిచ్చుటకు మాత్రమే త్రవ్వినవి కావు. పడవలు నడచుటకును అనువుగా నిర్మించినవి. ధవళేశ్వరమునుండి ఒక కాలువ కాకినాడ వరకు సాగినది. గాలి అనుకూలించినపుడు తెరచాప యెత్తుదురు. లేనపుడు మనుష్యులు గట్టు వెంబడి నడచుచు త్రాటితో పడవను లాగుదురు. నీటిమట్టము మారు చోట్ల లాకులు. లాకు తలుపులు మూసి, నీరు నింపియో, తీసియో పడవను పైకెత్తుటయు క్రిందికి దించుటయు జరుగును. ముందు వచ్చిన పడవలు దాటువరకు వెనుకవారు వేచియుండవలసినదే. కావున పడవ యే వేళకు చేరునో సరంగు కూడ చెప్పలేడు. అట్టి ప్రయాణమున అర్ధరాత్రి గట్టున దిగిన కుటుంబమునకు తలుపు తీయు ఇల్లొకటి యుండవలెను. ఆ యిల్లే సత్రము.

కాకినాడలో మరియొక యవసరము కూడ కలిగెను. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధకాలమున మన ప్రత్తికి గిరాకి పెరిగి ఈ రేవు వృద్ధి చెందెను. తరువాత బర్మాకు కూలికిని, వ్యాపారమునకును పోవు తెలుగువారు వేలకొలది ఇచటనే ఓడ యెక్కిరి. తీరమున లోతు చాలదు గనుక స్టీమరు దూరముగా నిలిచెడిది. జనము చిన్న పడవలలో దానిని చేరవలసి యుండెను. ఓడ వచ్చు దినము వరకు వారికి తల దాచుకొను చోటు కావలసెను. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరు తన యాస్తిని ధర్మకార్యములకు ఒసగుటయు, ఉప్పుటేటికి ఆవలనున్న జగన్నాథపురమున ఆయన పేరిట ధర్మసంస్థ వెలయుటయు ఈ చరిత్రలోని భాగమే.

ఇక ముఖ్యమైన సంగతి. సత్రమునకు అన్నమెక్కడిది? దాత యిచ్చిన మాన్యమునుండి. ఆ మాన్యము పండుటకు నీరెక్కడిది? కాలువనుండి. అతిథిని గట్టునకు చేర్చినదియు కాలువయే, అతని విస్తరిలోని అన్నమును పండించినదియు కాలువయే. లంకల గన్నవరమున దారిన పోవువారికి అన్నము పెట్టి పేరొందిన డొక్కా సీతమ్మగారు (1841-1909) కూడ ఈ డెల్టా తల్లియే. వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించుటకు ఆ యూరి చెంత 2000లో తెరచిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టుట ఎంతయు సముచితము.

ఇతర దేశములందును కాలువ యొడ్డున బసలు లేకపోలేదు. వెనీసు నగరమున పెద్దకాలువ గట్టున జర్మను వర్తకులకై 1508లో తిరిగి కట్టిన 'ఫొందాకో' యను భవనమున్నది. వర్తకుని అచట నిలుపుట సుంకము వసూలునకును సౌకర్యముగా నుండెను. మన సత్రము అతిథినుండి ఏమియు కోరలేదు. అయినను మనము అతిశయింపరాదు. అనేక సత్రములలో కులమును బట్టి పంక్తులు వేరయ్యెను. కొందరికి గుమ్మము కూడ తెరువబడలేదు. సర్వజనులకు ఉద్దేశించిన ధర్మశాలలో అంటరానితనము పేర ప్రవేశమును నిరాకరించుట 1955 నాటి చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. ఆ మాట చట్టమున వ్రాయవలసివచ్చుటయే మన దానధర్మములలోని లోపమునకు సాక్ష్యము.

1893-96 నడుమ తూర్పుతీరపు రైలుమార్గము తెరువబడెను. తరువాత బస్సులు, లారీలు వచ్చెను. పడవలు సన్నగిల్లినవి. పడవ పోయినది గనుక సత్రముతో పని యేమని కొందరందురు. మే మట్లు తలంపము. కాకినాడలో 1958లో రంగరాయ వైద్యకళాశాల నెలకొన్నది. ప్రభుత్వాసుపత్రికి పల్లెలనుండి రోగిని తెచ్చిన బంధువు, పరీక్ష వ్రాయవచ్చిన విద్యార్థి, వీరే నేటి బాటసారులు. లాడ్జి అద్దె వీరికి భారము.

సత్రములను కాపాడవలెనను తలంపు క్రొత్తది కాదు. మద్రాసు ప్రభుత్వపు 1817 నాటి ఏడవ రెగ్యులేషనులోనే వంతెనలతో పాటు సత్రముల సంరక్షణము కూడ చేర్చబడినది. ఇప్పుడు హిందూ ధర్మసంస్థల విషయమున 1987 నాటి ముప్పదవ చట్టము అమలులో నున్నది. అయినను మాన్యము నామమాత్రపు కౌలునకు పోయి, వీధివైపు గదులు అంగళ్లుగా మారినచో, బోర్డు మిగులునే గాని ధర్మము మిగులదు. వెనీసు ఫొందాకోను సైతము 2016లో అంగళ్ల సముదాయముగా తెరచిరి. అది వర్తకులకై కట్టిన యిల్లు, వర్తకమునకే పోయినది. సత్రము అట్లు పోరాదు, ఏలయన అందులో ఎవరో ఒక పేదవాని పాలున్నది.

సత్రమున బస చేయువారికి కొన్ని మర్యాదలు కలవు. గుమస్తా పుస్తకమున పేరు, ఊరు ఉన్నదున్నట్లు వ్రాయించవలెను. పక్కబట్టలు, తాళము వెంట తెచ్చుకొనుట మేలు. పంక్తిలో వడ్డించినది పారవేయక భుజింపవలెను. నూతి పళ్లెరమును, వసారాను శుభ్రముగా నుంచవలెను. మూడు దినములకు మించి ఉండరాదను వాడుక కఠినమని తోచవచ్చును గాని, మన వెనుక వచ్చువానికై ఏర్పడినదది. శక్తి గలవారు పోవునపుడు హుండీలో కొంత వేయుట న్యాయము, లేనివారు సంకోచింపనక్కరలేదు. దాత వారిని తలచుకొనియే భూమి వ్రాసియిచ్చెను.

మీ యూరి సత్రమునకు ఎంత మాన్యమున్నది, దాని రాబడి యెటు పోవుచున్నది, గదులెవరికి దొరకుచున్నవి? ఈ మూడు ప్రశ్నలు అడుగుటకు పౌరులందరికిని హక్కు కలదు. కాలువ నేటికిని పారుచున్నది, పొలము నేటికిని పండుచున్నది. తలుపు మాత్రము మూతపడకుండ చూచుట మన పని.