బంగారం పోయింది, రైలు మిగిలింది

కేజీఎఫ్ అంటే ఇప్పటి కుర్రాళ్లకు సినిమా. కుప్పం చుట్టుపక్కల పాతతరానికి మాత్రం అది పొట్ట చేతపట్టుకుని పోయిన ఊరు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కేజీఎఫ్‌ను, అంటే కర్ణాటకలోని కోలారు బంగారు గనులను చేపట్టినప్పుడు చిత్తూరు ఇంకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. గనుల్లోకి దిగిన కూలీల్లో ఎక్కువమంది ఆ జిల్లా నుంచి వెళ్లిన తమిళ దళితులు. వాళ్లతోపాటు మన తెలుగువాళ్లూ దిగారు. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి ఈ గనులకు కరెంటు వచ్చింది, బెంగళూరు వీధుల కన్నా మూడేళ్లు ముందు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. ఇంత జరిగిన ఊరు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడగానే ఎందుకు కుదేలైంది? బంగారం అయిపోయింది కాబట్టి అనడం సగం జవాబే. గని ఉన్నన్నాళ్లూ దాని పక్కన మరో పెద్ద బతుకుతెరువును పెరగనివ్వకపోవడమే అసలు కారణమని నా వాదన.

నష్టాల కంపెనీని ఎన్నాళ్లు మోయాలి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తవ్వేకొద్దీ లోతు పెరిగింది, టన్ను రాతిలో దొరికే బంగారం తగ్గింది. అయితే 1956లో జాతీయం చేశాక చాలాకాలం ఆ బంగారాన్ని దేశంలోని బజారు ధరకు కాక, అంతకన్నా తక్కువైన అంతర్జాతీయ ధరకే లెక్కగట్టారు. నష్టంలో కొంత భూమి లోపల పుట్టింది, కొంత కాగితాల మీద. మట్టి తవ్వే భారీ యంత్రాలు తయారుచేసే బీఈఎంఎల్ ఫ్యాక్టరీ ఊళ్లో ఉంది కదా అనీ అనవచ్చు. ఉంది, మేలూ చేసింది. కానీ వేల గని కుటుంబాలను ఒక్క ఫ్యాక్టరీ మోయలేదు. చివరికి ఆదుకున్నది బంగారం కోసం వేసిన బంగారుపేట–మారికుప్పం రైలుమార్గమే. తెల్లారకముందే ఆ రైలెక్కి జనం బెంగళూరుకు పనికి పోతున్నారు.

బ్రిటన్‌లోని వేల్స్‌లో ఎబ్బు వేల్ అనే ఉక్కు పట్టణానిదీ ఇదే కథ. 2002లో కర్మాగారం మూసేశారు. ఎప్పుడో ఆగిపోయిన ప్రయాణికుల రైలును 2008లో కార్డిఫ్‌కు మళ్లీ నడిపారు. అక్కడ రైలును తిరిగి తేవాల్సి వచ్చింది. ఇక్కడ, అదృష్టం కొద్దీ, పట్టాలు పీకలేదు.

ఈ సంగతి మనకెందుకంటే, కోలారు పసిడి రాతిపొర రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగలేదు. కుప్పం దగ్గరి గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా 2001లోనే మూతపడ్డాయి. 2018 వేలంలో వాటిని ప్రభుత్వరంగ గనుల సంస్థ ఎన్ఎండీసీ దక్కించుకుంది. గని మూసివేత ప్రణాళికను ముందే సమర్పించాలన్న నిబంధన 2003లో వచ్చింది, కేజీఎఫ్ మూతపడిన రెండేళ్లకు. అది ప్రధానంగా గుంతలు, దిబ్బల సంగతి చూస్తుంది, మనుషుల సంగతి అంతగా కాదు. కాబట్టి గుడుపల్లె జనం ఎన్ని ఉద్యోగాలిస్తారని అడిగి ఊరుకోకుండా, గని ఆగిన మర్నాడు ఏ పనికి పోవాలో కూడా ఇప్పుడే అడగాలి.